కళ్లం ఇల్లు: ఒక చిన్న కంప్యూటర్ ఆట తయారీ డైరీ

జూన్, తొలకరికి ముందు

ఆట పేరు ఖాయమైంది: "కళ్లం ఇల్లు". కాలం 1936 వేసవి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సు అయింది. మా పర్లాకిమిడి ఊరు, ఎస్టేటులో కొంత భాగం అటు కలిశాయి, మిగతాది మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. కాశీనగరం దగ్గర, వంశధార ఒడ్డున, పొలాల మధ్య ఒక ఇల్లు. పాత అప్పు మీద వచ్చిన డిక్రీ పట్టుకుని కోర్టు అమీనా ఒకడు పొద్దుగూకే ముందు అక్కడికొస్తాడు. తెల్లారేసరికి ఇంట్లో వస్తువులన్నీ రాసి జప్తు జాబితా తయారుచెయ్యాలి. ఆ ఇంట్లో ఒక ముసలామె ఉంటుంది. మంచినీళ్లిస్తుంది, అడిగినదానికి బదులు చెబుతుంది. కాగితాల ప్రకారం మాత్రం ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఇందులో దెయ్యం లేదు, తరుముకొచ్చేది ఏదీ లేదు. ఇలాంటి ఆట కూడా పట్టి కూర్చోబెడుతుందని నాకు నమ్మకం కలిగించింది 'కెంటకీ రూట్ జీరో' అనే కంప్యూటర్ ఆట. జేక్ ఎలియట్, తమాష్ కెమెంజీ, బెన్ బాబిట్ అనే ముగ్గురు కలిసి చేశారు. అయిదు అంకాలు. మొదటిది 2013 జనవరిలో వస్తే అయిదోది 2020 జనవరికి గానీ రాలేదు. కాన్వే అనే వయసు మళ్లిన డ్రైవరు పాత సామాన్ల కొట్టు తరఫున ఒక చిరునామాకి సరుకు చేర్చాలి. దారి దొరకదు. పెట్రోలు బంకులో చూపు లేని పెద్దాయన ఒకరు "మార్కెజ్ వాళ్ల పొలానికి వెళ్లి అడుగు" అంటాడు. ఆ పొలంలోని ఇల్లే నన్ను వదలనిది. అక్కడ వీవర్ మార్కెజ్ అనే అమ్మాయి మాట్లాడుతుంది, కాసేపటికి ఉండదు. ఆ ఇంట్లో పాత టీవీ ఒకటుంటుంది, మొదటి అంకం చివర దారి తెరుచుకునేది ఆ టీవీ దగ్గరే. ఆ ఇంటికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. కొలంబియా నవలాకారుడు గాబ్రియెల్ గార్సియా మార్కెజ్‌ని చదివినవాళ్లకి గుమ్మంలోనే తెలిసిపోతుంది.

నాకు ఆ ఇంటిని మా ఊరికి ఎత్తుకొచ్చే ఉద్దేశం లేదు. ఆ ఇల్లు ఏ పుస్తకాల మీద నిలబడిందో చూసి, మన ఇల్లు మన పుస్తకాల మీద ఎలా నిలబడుతుందో కట్టి చూడాలి. ఈ డైరీ దాని కోసమే.

జూన్ చివర

ఇల్లు కొలిచాం. మా మావయ్య వాళ్ల కళ్లంలో ఉన్న పాత ఇల్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పెంకులు సగం లేచిపోతే ఆ సగానికి రేకులు వేయించారు. ఆటలోది 1936 కాబట్టి రేకులు పనికిరావు, ఆ భాగం తాటాకు కప్పుగా గీశాను.

టేపు పట్టుకుని గుమ్మం ఎత్తు చూస్తుంటే కళ్లంలో పనిచేసే తాత వచ్చి నిలబడ్డాడు.

"ఏటి బావూ, ఇల్లు కొల్తన్నావు? అమ్మేత్తన్నారేటి?"

ఆట కోసం అని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు. నేను వెళ్లేదాకా అరుగు మీదే కూర్చున్నాడు. ఆయన అడిగిన ఆ మాటని ముసలామె నోట మొదటి మాటగా పెట్టేశాను. కొలతబద్దతో గానీ కాగితంతో గానీ ఒకడు ఇంటికొస్తే పల్లెలో మొదట పుట్టే భయం అదే.

అసలు దొరికింది లోపల. గాదె పక్క గోడ మీద బొగ్గుతో గీతలున్నాయి. నాలుగు నిలువు, వాటి మీద ఒకటి అడ్డం, మళ్లీ నాలుగు, మళ్లీ అడ్డం. మధ్యలో కొన్ని చోట్ల సున్నం పడి చెరిగిపోయింది. కింద వరుసలో గీతలు సన్నగా, పైకి వెళ్లే కొద్దీ లావుగా ఉన్నాయి, రెండు చేతులు గీసినట్టు. మావయ్యని అడిగితే "నాగుకిచ్చిన గింజల లెక్కరా" అన్నాడు. నాగు అంటే ధాన్యం వడ్డీకి అప్పివ్వడం. అత్త లోపల్నుంచి "ఇచ్చినవి కాదు, తెచ్చుకున్నవి" అంది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. గీసినవాళ్లు లేరు. ఇచ్చిన ధాన్యమో తెచ్చిన ధాన్యమో, ఇంటికి రావాల్సిందో ఇంటివాళ్లు తిరిగి ఇవ్వాల్సిందో చెప్పేవాళ్లు ఇంక ఎవరూ లేరు.

నా ఆటకి కావాల్సిన రహస్యం ఆ గోడ మీదే ఉంది.

జూలై, గోడల పని

'కెంటకీ రూట్ జీరో'లో కెమెరా నెమ్మదిగా ఇంటి దగ్గరికి జరుగుతుంటే గోడలు తొలగి లోపలి గదులు కనబడతాయి. ఇది సినిమా పద్ధతి కాదు, నాటకం పద్ధతి. 1949లో ఆర్థర్ మిల్లర్ 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్'కి జో మీల్జినర్ వేసిన సెట్టు ఇలాంటిదే. ఇంటికి చట్రం ఉంటుంది, గోడలు ఉండీ లేనట్టుంటాయి. ఇప్పటి కాలం నడుస్తున్నప్పుడు పాత్రలు గోడ ఉందనుకుని తలుపులోంచే వస్తారు. జ్ఞాపకంలోకి వెళ్లినప్పుడు గోడ గీతని దాటుకుని ముందుకు నడిచొస్తారు. అంటే గోడ ఎప్పుడు ఉన్నట్టు, ఎప్పుడు లేనట్టు అన్నది కాలాన్ని బట్టి.

మన తూర్పు భాగవతంలో ఇది ఎప్పట్నుంచో ఉంది. ఇద్దరు తెర పట్టుకుంటే అదే సత్యభామ అంతఃపురం. తెర తీస్తే ఇల్లు తెరుచుకున్నట్టే. ఎవరూ గోడేదని అడగరు.

అందుకే ఆటలో ఒక నియమం పెట్టాను. అమీనా ఎప్పుడూ గుమ్మంలోంచే నడుస్తాడు, తల వంచి నడుస్తాడు. గుమ్మం పొట్టిది, కొలిచిన ఎత్తే పెట్టాను. ముసలామె ఇప్పటి మాట చెప్పేటప్పుడు గుమ్మంలోంచి వస్తుంది, పాత మాట ఎత్తుకుంటే గోడ ఉన్న చోటునుంచే నేరుగా నడిచొస్తుంది. ఆట దీని గురించి ఒక్క ముక్క చెప్పదు.

ఇక పని సంగతి. ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్ (ఇంజను) పేరు 'గోడో' (Godot). గోడని నెమ్మదిగా మాయం చెయ్యడానికి అందులో తయారుగా ఉన్న ట్రాన్స్‌పరెన్సీ అమరిక బొమ్మని తెర మీద గీసే ఫార్వర్డ్ ప్లస్ రెండరర్‌లోనే పనిచేస్తుంది. ఇక్కడి పిల్లల దగ్గరుండే పాత లాప్‌టాపుల్లో కూడా ఆట నడవాలి కాబట్టి కంపాటిబిలిటీ రెండరరే వాడుతున్నాను. కాబట్టి చిన్న షేడర్ (బొమ్మలో ఒక్కో చుక్క ఎలా కనబడాలో చెప్పే ప్రోగ్రాం) రాశాను. కెమెరా గోడకి ఎంత దగ్గరైతే అన్ని ఎక్కువ చుక్కలు రాలిపోతాయి. లేత పొగలా కరగడం కంటే ఇలా గింజలు గింజలుగా రాలడమే మట్టిగోడకి నప్పింది.

ఇంకో చిక్కు నీడలతో వచ్చింది. గోడ పోగానే లోపలి లాంతరు వెలుగు వాకిట్లోకి పారిపోతోంది. గోడ కనబడకపోయినా దాని నీడ ఉండాలి. ప్రతి గోడకీ రెండో ప్రతి పెట్టి దాన్ని 'షాడోస్ ఓన్లీ'కి మార్చాను. అది కంటికి కనబడదు, వెలుగుని మాత్రం ఆపుతుంది. ఆ రాత్రి ఆడి చూస్తే గోడలు లేని ఇంట్లో గోడల నీడలు నేల మీద కదులుతున్నాయి. ఇన్నాళ్లూ నేను వెతుకుతున్న బొమ్మ అదే.

జూలై, అక్షరాలు

తెలుగు అక్షరాల మీద ఎవరైనా ఇంకో చోట ఇలాంటి పని చేస్తుంటే ఈ భాగం వాళ్ల కోసం. గోడో 4 వచ్చాక (2023 మార్చి) ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చుంటున్నాయి, అంతకు ముందు విడిపోయేవి. కానీ మాటలు టైపు చేస్తున్నట్టు ఒక్కొక్కటే కనబడాలంటే మామూలు సెట్టింగుతో కుదరదు. 'లక్ష్మమ్మ' అనే పేరు మొదట 'ల', తర్వాత 'లక', తర్వాత 'లక్', అలా అక్షరం ఆకారం మార్చుకుంటూ ఎగురుతుంది. లేబుల్‌లో 'విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్' అని ఉంటుంది, దాన్ని 'ఆఫ్టర్ షేపింగ్'కి మార్చాలి. నేను ఇంకో అడుగు వేసి మాట వెంట మాట వచ్చేలా పెట్టాను. ముసలామె మాట్లాడే తీరుకి అదే బాగుంది. ఆమె మాట మాటకీ మధ్య ఆగుతుంది.

పేరు పలకకి 'గిడుగు' ఫాంట్ తీసుకున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిందీ, సవర భాష నేర్చుకున్నదీ, వాడుక భాష కోసం పోరాటం మొదలుపెట్టిందీ ఈ పర్లాకిమిడిలోనే. ఆయన పేరున్న అక్షరాలతో ఈ ఊరి ఆట తెరుచుకోవడం నాకు చాలా ఇష్టం. సంభాషణలకి మాత్రం 'మండలి'. చిన్న సైజులో అది కంటికి హాయిగా ఉంది.

ఆగస్టు, 'ఇది ఎవరిది?'

ఈ నెలంతా ఒక్క బటన్ మీదే పనిచేశాను. ఆటలో ఆటగాడు చెయ్యగలిగింది నడవడం, అడగడం. ఏ వస్తువు దగ్గర ఆగినా ఒకటే ప్రశ్న: ఇది ఎవరిది? జవాబుగా రెండు మూడు మాటలు వస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నది జాబితాలోకి ఎక్కుతుంది, సుద్దతో వస్తువు మీద కూడా పడుతుంది.

'కెంటకీ రూట్ జీరో'లో నాకు అన్నిటికంటే నచ్చింది ఎంపికల తీరు. అక్కడ మనం ఎంచుకునే మాటలు కథని పెద్దగా మార్చవు. ఆ మనిషి ఎవరో, అతని గతమేమిటో మనచేత రాయిస్తాయి. కాన్వే వెంట ఉన్న కుక్కకి హోమర్ అని పేరు పెట్టొచ్చు, బ్లూ అనొచ్చు, పేరు లేదనీ అనొచ్చు. ఏదన్నా కుక్క అదే కుక్క, కానీ కాన్వే మారిపోతాడు.

దీన్ని మార్కెజ్ 'నూరేళ్ల ఏకాంతం' పక్కన పెట్టి ఆలోచిస్తూ వచ్చాను. 1967లో వచ్చిన ఆ నవలలో మకోందో ఊరికి నిద్రపట్టని జబ్బు వస్తుంది, దాంతో మతిమరుపు. మర్చిపోకుండా ఉండాలని వస్తువుల మీద పేర్లు రాసుకుంటారు, ఆవు మీద అది ఆవు అనీ, రోజూ పాలు పితకాలనీ రాస్తారు. మార్కెజ్ చిన్న వయసులో రాయాలనుకున్న నవలకి పెట్టుకున్న పేరు 'లా కాసా', అంటే ఇల్లు. వాళ్ల అమ్మమ్మ ఎంతటి వింతనైనా ముఖం మారకుండా, నిన్న సంతకెళ్లొచ్చినట్టే చెప్పేదనీ, ఆ గొంతు దొరికాకే ఈ నవల రాయగలిగాననీ ఆయన చెప్పారు.

ఆ గొంతు మాకు కొత్త కాదు. నేను రాసే ముసలామె మాటల్లో ఆశ్చర్యార్థకాలన్నీ కొట్టేశాను. "ఆ మంచం మా ఆయనది. ఏట్లో పోనాడు. మొన్న ఒచ్చి నవారు బిగించాడు." అంతే. నవ్వు లేదు, ఏడుపు లేదు. సంగీతం కూడా లేదు.

అయితే మకోందోలో పేర్లు మరుపుతో పోట్లాడటానికి. నా ఇంట్లో అదే పని జప్తుకి పనికొస్తుంది. పేరు రాసిన వస్తువల్లా పోతుంది. ముసలామె ఎవరిదో చెప్పే ప్రతి జ్ఞాపకమూ జాబితాలో ఒక వరుస. ఆటగాడికి ఇది సగం ఆట గడిచాక తెలియాలి, నేను చెప్పకూడదు. జాబితా పలక తెరిచినప్పుడు వస్తువు పేరు పక్కన విలువ గడి ఖాళీగా ఉంటుంది. నాలుగో గదికి వెళ్లేసరికి ఆ గడులు ఒక్కొక్కటే నిండటం మొదలవుతుంది.

సెప్టెంబరు, అప్పు

మా తమ్ముడు (చిన్నాన్న కొడుకు, చప్పుళ్లన్నీ వాడివే) నన్నొక మాట అడిగాడు. "ముసలిది బతికుందా లేదా, అది తేల్చవా అన్నా?" తేల్చనన్నాను. కానీ ఆ జవాబు వాడికీ చాలలేదు, నాకూ చాలలేదు. తేల్చకపోవడానికి గట్టి కారణం ఉండాలి. లేకపోతే అది రాసేవాడి బద్ధకం.

'కెంటకీ రూట్ జీరో' ఆ కారణాన్ని అప్పులో పెట్టింది. అక్కడి గని కరెంటు కంపెనీది. మునిగిపోయిన గని, దానిలో పోయినవాళ్లు. మూడో అంకంలో విస్కీ తయారుచేసేచోట అప్పు తీర్చుకుంటున్నవాళ్లు మెరిసే అస్థిపంజరాలుగా కనబడతారు. కాన్వే కూడా ఆ దారినే పోతాడు. భయపెట్టడానికి పెట్టిన ఎముకలు కావవి. అప్పుపడ్డ మనిషి తనవాడు కాకుండా పోవడం కంటికి అలా కనబడుతుంది.

ఆ దారిలో నడిస్తే మనకి కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) 'యజ్ఞం' ఎదురొస్తుంది. 1964 నాటి కథ. శ్రీకాకుళం పల్లె, పంచాయితీలో ఒక అప్పు మీద తగువు, మాట మీద నిలబడే అప్పల్రాముడు, చివర అతని కొడుకు తన పసిబిడ్డని ఆ అప్పుకి వారసుడిగా బతకనివ్వకపోవడం. ఆ కథలో వింత ఒక్కటీ లేదు. కానీ అప్పు ఊళ్లో ఎలా తిరుగుతుందో, ఇంట్లోకి ఎలా వస్తుందో చదువుతుంటే ఏ దెయ్యం కథకీ రాని వణుకొస్తుంది. మార్కెజ్ ఇల్లూ కారా పంచాయితీ ఒకే కప్పు కింద ఉండొచ్చని నాకు అక్కడే తోచింది.

మిగతాది చట్టం ఇచ్చింది. వకీలుగా ఉన్న మా బంధువు ఒకాయన్ని కలిసి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ చూపించమన్నాను. 60వ సెక్షన్‌లో జప్తు చెయ్యకూడనివి ఉన్నాయి. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు. రైతుకైతే సేద్యం పనిముట్లు, బతుకుతెరువుకి అవసరమైన పశువులు, విత్తనాల గింజలు. రైతుదే అయి, రైతు కాపురముంటున్న ఇల్లు కూడా. 62వ సెక్షన్ ప్రకారం సామాను జప్తుకి వచ్చినవాడు పొద్దు గూకాక, పొద్దు పొడవక ముందు కాపురమున్న ఇంట్లోకి అడుగుపెట్టకూడదు.

"ఇవన్నీ ఆటలో పెడతావా బాబూ?" అన్నారాయన. పెడతానన్నాను.

దీంతో ఆటకి వెన్నెముక దొరికింది. అమీనా పొద్దుండగానే లోపలికి రావాలి. చీకటి పడ్డాక వాకిట్లోకి దిగితే ఇంక తెల్లారేదాకా లోపలికి రాలేడు, ఆటలో ఆ తలుపు నిజంగానే తెరుచుకోదు. బయట నూతి దగ్గర చూడాల్సినవి ఉన్నాయి, లోపల వినాల్సినవి ఉన్నాయి. ఏది వదులుకోవాలో ఆటగాడు తేల్చుకోవాలి. మంచం ఎవరిదని అడిగితే పక్కబట్టలు ఎవరివో కూడా తెలియాలి. గాదెలోవి విత్తనాలా, తిండిగింజలా? ముసలామె విత్తనాలంటుంది. గోడ మీద గీతలు ఇంకోలా చెబుతాయి.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఆఖరి వరుసలో ఉంది: ఇంట్లో మనుషులు ఉన్నారా, లేరా? ఆమె ఉందని రాస్తే ఇల్లు మిగులుతుంది. లేదని రాస్తే కాగితం సరిగ్గా ఉంటుంది, ఇల్లు పోతుంది. ఆమె బతికుందో లేదో నేను తేల్చక్కర్లేదు. రాసే బాధ్యత ఆటగాడిది.

అక్టోబరు, చప్పుళ్లు

నౌపడ–గుణుపురం చిన్న రైలు 1936 నాటికే కాశీనగరం మీదుగా నడుస్తోంది. ఇప్పుడు ఆ దారి బ్రాడ్‌గేజ్ అయిపోయింది, ఆ పాత చప్పుడు రికార్డు చేసుకోవడానికి లేదు. తమ్ముడు ఇనుప రేకులు, కుండ, ఊపిరితోనే ఒకటి కట్టాడు. దూరం నుంచి వినబడితే చాలు కాబట్టి సరిపోయింది. రాత్రి గడిచే కొలది గడియారం లేకుండా కాలం చెప్పేది ఆ రైలే.

'కెంటకీ రూట్ జీరో'లో అంకం మధ్యలో కొందరు వాయిద్యగాళ్లు నల్లటి నీడలుగా నిలబడి పాడతారు. వాళ్ల పేరు బెడ్‌క్విల్ట్ రాంబ్లర్స్. కెంటకీలోని మామత్ గుహల్లో బెడ్‌క్విల్ట్ అని ఒక భాగముంది, విల్ క్రౌదర్ 1970లలో చేసిన అక్షరాలతోనే నడిచే తొలి సాహసపు కంప్యూటర్ ఆటకి మూలం ఆ గుహే. పేరు ఒక్కటి పెట్టి ఆ చరిత్రంతా లోపలికి తెచ్చుకున్నారు.

మాకు జముకుల కథ ఉంది. జముకు తంతి లాగి వదిలితే వచ్చే ఆ గుంజే నాదం రాత్రికి, ఖాళీ కళ్లానికి బాగా అతుకుతుంది. కథకులు ఒక్కసారే కనబడతారు, కళ్లంలో, నీడలుగా. వాళ్లు పాడేది అమీనా జాబితానే. ఆటగాడు ఏ వస్తువుని ఎవరిదన్నాడో ఆ వరుసలనే పాటలో పెట్టాం. అందుకు ఒక్కో జవాబునీ విడిగా పాడించి రికార్డు చెయ్యాల్సొచ్చింది. పాడినాయన ఓపికకి చేతులెత్తి దండం పెట్టాలి. "విత్తనాల గింజలు" అన్న ముక్కని ఆయన ఎంత జాలిగా పాడారంటే, ఆ వరుస కోసమైనా అందరూ గాదె దగ్గర ఆగాలని నా కోరిక.

దసరా తర్వాత

ఇంట్లోవాళ్లచేత ఆడించాం. కుర్రాళ్లు వాకిట్లోకి ముందే దిగిపోయి బయట ఇరుక్కుని, నూతి దగ్గర మాటలన్నీ విన్నారు. పెద్దవాళ్లు లోపలే ఉండిపోయారు.

మా మేనత్త ఎప్పుడూ ఏ ఆటా ఆడినామె కాదు. రోలు దగ్గరికొచ్చి ఆగింది. 'అత్తది', 'కోడలిది' అని రెండు జవాబులున్నాయి.

"రోలు ఒకలిదేటి? ఇంటిది. అలాగ రాయి" అంది.

అలా రాయడానికి వీల్లేదని చెప్పినా ముందుకు కదల్లేదు. ఆవిడ చెప్పిందే న్యాయం. అన్ని వస్తువులకీ 'ఇంటిది' అన్న మూడో జవాబు చేర్చాను. ఇంటిదని రాసిన వస్తువు విలువ గడి ఎప్పటికీ నిండదు. అయితే ఆ మాట వాడిన కొద్దీ కోర్టుకి ఇచ్చే కాగితం బోసిపోతుంది. అమీనా ఉద్యోగానికి అది మంచిది కాదు. ఆ బరువు ఎలా చూపించాలన్నది ప్రస్తుతం నడుస్తున్న పని. స్కోరుగా చూపించను. పొద్దున్న అతను జాబితాని గట్టిగా చదివినప్పుడు, ఖాళీ గడుల దగ్గర గొంతు తడబడేలా చెయ్యాలని తమ్ముడి సలహా. అదే చేస్తున్నాం.

మిగిలినవి: ఒడియా పాఠం బరంపురంలో ఉండే మిత్రుడి చేతిలో ఉంది, ముసలామె మాటలు గంజాం ఒడియాలోనే ఉండాలని చెప్పాను. నూతి గిలక చప్పుడు మళ్లీ రికార్డు చెయ్యాలి. గోడ మీద బొగ్గు గీతలు మావయ్య ఇంటి గోడ ఫొటో నుంచే తీసుకున్నాం, ఒక్క గీత కూడా చేర్చలేదు, తియ్యలేదు. వాటి ముందు నిలబడి 'ఇది ఎవరిది' అని అడిగితే ముసలామె ఏం చెప్పాలో మావయ్య జవాబు ఒకటి, అత్త జవాబు ఒకటి రాసి పెట్టాను. మూడోది మేనత్తది.

సంక్రాంతికి ఊళ్లోకి వచ్చేవాళ్లందరికీ ఆడటానికి ఇస్తాం.